బార్బడోస్‌లో తాబేళ్ళ బొమ్మలు తప్ప ఇంకేం దొరకవా?

విశాఖ_వాటర్‌కలర్
మా ఆయనకి ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చన్నారు. దాంతో వెల్‌కమ్ స్టాంప్ వీసా మీద బార్బడోస్ వచ్చి ఉంటున్నాం. కోవిడ్ టైంలో, 2020లో మొదలుపెట్టిన ఏడాది వీసా ఇది. కుటుంబానికి 3000 అమెరికన్ డాలర్లు కట్టించుకుంటారు. నేను పెయింటర్ని. ఇంత చిన్న దీవి నుంచి వెనిస్ దాకా వెళ్ళిన ఆర్టిస్టులున్నారని చదివి, చాలా ఆశపడి వచ్చాను.

తీరా చూస్తే పడమటి తీరం పొడుగునా ఉన్న షాపుల్లో అదే సరుకు: తాబేలు, కొబ్బరిచెట్టు, గులాబీ రంగు చెక్క ఇల్లు, దాని ముందు బుట్ట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ. ఒకచోట ఉండబట్టలేక "ఇక్కడి కొత్తవాళ్ళవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. ఆ అమ్మాయి లోపలికి తీసుకెళ్ళి ఇంకో తాబేలు చూపించింది. ఈసారిది అబ్‌స్ట్రాక్ట్.

అసలు ఆర్టిస్టులు ఎక్కడుంటారు, ఎక్కడ చూపిస్తారు, ఏం తిని బతుకుతారు? తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

సిల్లీపాయింట్
బార్బడోస్ అంటే 2024 జూన్ 29, కెన్సింగ్టన్ ఓవల్, టీ20 ప్రపంచకప్ ఫైనల్, ఏడు పరుగులు. కప్పు గెలిచాక రోహిత్ పిచ్ మీద గడ్డి నోట్లో వేసుకోవడం కంటే గొప్ప పెర్ఫార్మెన్స్ ఆర్ట్ ఆ దీవిలో జరిగి ఉండదు.

గోదారి_గట్టు
అబ్‌స్ట్రాక్ట్ తాబేలు ఎంతటండీ?

విశాఖ_వాటర్‌కలర్
@గోదారి_గట్టు ధర చూసి చప్పుడు చేయకుండా బయటికొచ్చేశా. పైగా ఇక్కడి డాలర్లో అమెరికన్ డాలర్లో చీటీ మీద రాయలేదు. రెండు ఇక్కడి డాలర్లకి ఒక అమెరికన్ డాలర్, 1975 నుంచీ అదే లెక్క. కాబట్టి తేడా చిన్నదేం కాదు.

డాక్టర్_వంకాయ
నేను అక్కడే మెడిసిన్ చదివాను. అక్కా, మీరు తిరుగుతున్న తీరం తప్పు. అదంతా హోటళ్ళ బెల్టు, క్రూయిజ్ జనం కోసం. బ్రిడ్జ్‌టౌన్‌లో క్వీన్స్ పార్క్ గ్యాలరీ ఉంది, నేషనల్ కల్చరల్ ఫౌండేషన్ వాళ్ళది. తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి వెళ్ళండి. కేవ్ హిల్ యూనివర్సిటీలో ఎరల్ బారో సెంటర్ ఉంది, అక్కడా షోలు పెడతారు. అన్నిటికంటే మంచిది బార్బడోస్ కమ్యూనిటీ కాలేజీలో ఫైన్ ఆర్ట్స్ ఫైనలియర్ పిల్లల ప్రదర్శన. మా రూమ్మేట్ గర్ల్‌ఫ్రెండ్ అక్కడ చదివేది. మాకు అనాటమీ ఎగ్జామ్ టెన్షన్, ఆవిడకి షో కోసం వేలాడదీసిన దోమతెరల టెన్షన్.

రంగు_పిచ్చి
ఫోన్ చేసి వెళ్ళాల్సిన గ్యాలరీ, ఏడాదికోసారి కాలేజీ షో. అంటే లేదనే కదా అర్థం?

నల్ల_సిరా
లేదని కాదు. "గ్యాలరీ" అనగానే మనం బోర్డు, ఏసీ, తెల్లగోడ వెతుకుతాం. ఆ దీవి మొత్తం జనాభా 2.8 లక్షలు, మన విజయనగరం ఊరికంటే కాస్త ఎక్కువ. విజయనగరంలో ఎన్ని కాంటెంపరరీ గ్యాలరీలు ఉన్నాయో లెక్క చూసి అప్పుడు బార్బడోస్‌ని తిట్టండి.

ప్రైవేటు గ్యాలరీలు ప్రయత్నించకపోలేదు. బ్రిడ్జ్‌టౌన్‌లో జెమికాన్ అని ఒకటి సీరియస్‌గా నడిచి 2010లో మూతపడింది. ఆ మరుసటి ఏడే, 2011లో, ఆనలీ డేవిస్ అనే ఆర్టిస్టు సెయింట్ జార్జ్‌లో ఫ్రెష్ మిల్క్ మొదలుపెట్టింది. పేరు ఊరికే పెట్టలేదు, అది నిజంగా పాడి ఆవుల ఫామ్. అంతకుముందు ఆ నేల చెరకు తోట, 17వ శతాబ్దం నాటిది. అక్కడ ఒక స్టూడియో, ఒక చిన్న లైబ్రరీ, బయటి దీవుల నుంచీ దేశాల నుంచీ వచ్చి పనిచేసుకునే ఆర్టిస్టులకి రెసిడెన్సీ. అమ్మకానికి పెట్టిన గోడ మాత్రం లేదు. 2015లో కరీబియన్ అంతటా ఇలా సొంతంగా నడుపుతున్నవాళ్ళని టిల్టింగ్ యాక్సిస్ పేరుతో మొదటిసారి అక్కడే కూర్చోబెట్టారు. మరుసటేడు అదే మీటింగ్ మయామీలోని పెరెజ్ మ్యూజియంలో జరిగింది.

ఆవిడ పని కూడా చూడండి. తోటల పాత లెక్కల పుస్తకాలు ఉంటాయి కదా, కూలీల జీతాలూ పద్దులూ రాసినవి. ఆ కాగితాల మీద, గళ్ళ గీతలు కనిపిస్తుండగానే, చెరకు మానేసిన పొలాల్లో తనంత తానే మొలిచే పిచ్చిమొక్కల బొమ్మలు వేసింది. అదే పొలాల్లో దున్నితే బయటపడే పింగాణీ పెంకులున్నాయి. దొరల ఇంటి కప్పులూ సాసర్లూ అవి. ఆ పెంకులు పొదిగి ఒక టీ సెట్ చేయించి, అందులో పొదల ఆకుల కషాయం పోసి జనానికి తాగించింది. 2016 నాటి పని. నేను ఫొటోల్లో చూశాను. కప్పు అంచు దగ్గర నీలం పువ్వున్న పెంకు ముక్క, దాని కిందంతా మట్టి. తాగేటప్పుడు పెదవి దేనికి తగులుతుందో అని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

గోదారి_గట్టు
పొదల ఆకులంటే ఏ ఆకులు?

డాక్టర్_వంకాయ
చాలా రకాలు. నిమ్మగడ్డి, బే ఆకు, సెరసీ. సెరసీ అంటే కంచెల మీద పాకే అడవి కాకర తీగే. జ్వరమొచ్చినా, చర్మం దురద పెట్టినా, ఒంట్లో షుగర్ ఉన్నా అదే మరిగించి ఇస్తారు. మా ఓనరమ్మ నాకూ ఒకసారి పట్టించింది. ఇక నాకు జ్వరమొచ్చినా ఆవిడకి చెప్పలేదు.

గోదారి_గట్టు
కాకరాకు కషాయం తాగించి ఆర్ట్ అంటారా. మా నాయనమ్మకి చెప్పాలి.

గ్లాస్గో_గోపి
వెనిస్ మాట వచ్చింది కాబట్టి: అల్బర్టా విటిల్. 1980లో బ్రిడ్జ్‌టౌన్‌లో పుట్టింది, ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటుంది. 2022 వెనిస్ బినాలేలో, అంటే రెండేళ్ళకోసారి జరిగే ప్రపంచ ఆర్ట్ ప్రదర్శనలో, సినిమా, పెద్ద టేపెస్ట్రీ (గోడకి వేలాడదీసే నేత బొమ్మ) పెట్టింది. టేపెస్ట్రీని ఎడిన్‌బరోలో డవ్‌కాట్ స్టూడియో మగ్గాల మీద నేశారు. బానిసల వ్యాపారంలో స్కాట్లాండ్ సంపాదించిన డబ్బు గురించి ఇక్కడివాళ్ళ మొహం మీదే అడుగుతుంది. గ్లాస్గోలో సగం వీధుల పేర్లు పొగాకు, పంచదార వ్యాపారులవే. కాబట్టి ఆ ప్రశ్న ఇక్కడ బాగా తగులుతుంది.

రంగు_పిచ్చి
అదే నా పాయింట్. ఆవిడ వెనిస్ వెళ్ళింది స్కాట్లాండ్ తరఫున. ఆ ఏడాది బార్బడోస్‌కి అక్కడ పెవిలియనే లేదు, అంటే దేశం తరఫున సొంత ప్రదర్శనే లేదు. పక్కనున్న గ్రెనడా ఇంకా చిన్నది, అదేమో 2015 నుంచీ వెళ్తోంది. ఉన్న ఊళ్ళో గోడ దొరక్క బయటికెళ్ళి పేరు తెచ్చుకుంటే, ఆ పేరు మన ఖాతాలో వేసుకోవడం ఏ దేశానికైనా అలవాటే.

ఇంకో మాట కూడా అంటాను, తిట్టుకోండి. తోట, బానిసత్వం, పాత లెక్కల పుస్తకం... ఇవన్నీ బయటి క్యూరేటర్‌కి నచ్చే సరుకు. టూరిస్టుకి తాబేలు, క్యూరేటర్‌కి చెరకు తోట. కొనేవాడు మారాడంతే.

నల్ల_సిరా
@రంగు_పిచ్చి సగం ఒప్పుకుంటా. రెసిడెన్సీ అప్లికేషన్లు రాసి రాసి నాకూ తెలుసు, ఏ మాట పెడితే ఫైలు ముందుకు కదులుతుందో. కానీ తాబేలు వేసేవాడు సముద్రం దగ్గరికి వెళ్ళి చూస్తే చాలు. ఆనలీ ఉంటున్నది ఆ తోట నేల మీదే, తెల్లవాళ్ళ కుటుంబంలో పుట్టిన మనిషి. ఆ పెంకులు ఆవిడ ఎక్కడి నుంచో తెప్పించుకోలేదు, పెరట్లో తేలాయి. ఏం చేయమంటారు, తొక్కుకుంటూ పోవాలా?

రంగు_పిచ్చి
సరే, ఆవిడ సంగతి వేరు. ఆవిడ వెనక వచ్చే ఇరవైమంది సంగతి నేనంటున్నది.

మాదాపూర్_ఫ్రేములు
తాబేళ్ళని ఇంతలా ఆడిపోసుకుంటున్నారు. ఫ్రేములు కట్టేవాణ్ణి నేను. నా దగ్గరికి వచ్చేవాటిలో సగం బుద్ధుడి మొహాలు, పావు వంతు బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ళు. వైకుంఠం గారివి కాదు, ఆయన్ని చూసి వేసినవి. వేసినవాళ్ళలో మంచి చేయి ఉన్నవాళ్ళు ఎందరో. పిల్లల ఫీజులు కట్టాలి, వేస్తారు. రాత్రిపూట తమకి నచ్చింది వేసుకుని మంచం కింద పెట్టుకుంటారు. బార్బడోస్‌లో కూడా తాబేలు వేసినవాడి మంచం కింద ఏముందో మీరు చూశారా?

విశాఖ_వాటర్‌కలర్
@మాదాపూర్_ఫ్రేములు మంచం కింద చూడలేదు గానీ, మీ మాట సబబే. ఒకాయన్ని కలిశాను. పగలు హోటల్ గోడలకి మ్యూరల్స్, అడిగితే చేపలు. ఫోన్‌లో చూపించిన సొంత బొమ్మలు పూర్తిగా వేరే. ఎక్కడైనా పెట్టారా అంటే నిఫ్కాలో వెండి పతకం వచ్చిందన్నాడు.

గోదారి_గట్టు
పెయింటింగ్‌కి వెండి పతకమా? ఒలింపిక్సా?

డాక్టర్_వంకాయ
నిఫ్కా అంటే వాళ్ళ స్వాతంత్ర్య దినోత్సవ కళల పండగ. 1973 నుంచీ జరుగుతోంది, నవంబరులో. పాట, నాటకం, డాన్స్, ఫొటో, బొమ్మ, వంట, అన్నిటికీ బంగారం, వెండి, కంచు. మీరు చదివింది కరెక్టే, వంట కూడా ఉంది.

సిల్లీపాయింట్
పులస పులుసుకి బంగారం, ఆయిల్ పెయింటింగ్‌కి కంచు. న్యాయమైన దేశం.

నల్ల_సిరా
పతకాల పద్ధతి మీద నాకు పెద్ద అభ్యంతరమే ఉంది. పతకం వచ్చేలా వేయడం అలవాటైపోతుంది. కానీ ఒక లాభం ఉంది. ఆ పండగకి వచ్చేది గ్యాలరీ జనం కాదు, మామూలు జనం. మనవరాలి డాన్స్ చూడ్డానికి వచ్చిన ముసలాయన పక్క హాల్లో బొమ్మలు కూడా చూసి పోతాడు. చెరకు కోతల పండగ క్రాప్ ఓవర్ టైంలోనూ అంతే, జూలైలో ఆర్ట్ షో ఉంటుంది. మన దగ్గర స్టేట్ గ్యాలరీలో ఓపెనింగ్‌కి ఎవరొస్తారో మనకి తెలుసు: మనమే.

మాదాపూర్_ఫ్రేములు
మనమూ, సమోసాలూ.

విశాఖ_వాటర్‌కలర్
ఇక్కడ ఫిష్ కేకులూ, రమ్ పంచ్. ఒక ఓపెనింగ్‌కి వెళ్ళాను. గోడల కేసి ఎవరూ చూడలేదు, అందరూ అందరికీ చుట్టాలే. నేను ఒక బొమ్మ గురించి "ఈ మూల ఖాళీగా వదిలేసి ఉంటే బాగుండేది" అన్నాను. అవతలావిడ నవ్వి, "అదిగో, వాళ్ళమ్మ మీ వెనకే ఉంది" అంది.

రంగు_పిచ్చి
😂 విమర్శ ఎందుకు పుట్టదో ఈ ఒక్క ముక్కలో చెప్పేశారు.

నల్ల_సిరా
ఇది నవ్వుకునే సంగతి కాదు, అసలు సమస్య ఇదే. డబ్బు కంటే పెద్దది. 34 కిలోమీటర్ల పొడవు, 23 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చోట నువ్వు ఎవరి షో బాగాలేదని రాస్తావు? ఆయనే రేపు నీ గ్రాంటు కమిటీలో ఉంటాడు, లేదా నీ చెల్లెలికి టీచరు. యూవన్ ఆట్కిన్సన్ అని ఒక ఆర్టిస్టు ఉన్నాడు, కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్తాడు. ఏళ్ళుగా ఒక ఊహా కాలనీ కట్టుకుంటూ పోతున్నాడు. దాంట్లో మనుషులు, ఇళ్ళు, వాళ్ళ గుట్లు, అన్నీ కల్పితం. అసలు ఇరుగుపొరుగు గురించి మాట్లాడే వీలు లేనిచోట అబద్ధపు ఇరుగుపొరుగుని కల్పించాడని నాకనిపిస్తుంది. షీనా రోజ్ అయితే గుసగుసల మీదే "స్వీట్ గాసిప్" అని సిరీస్ చేసింది. ఆవిడా అదే కాలేజీ. తర్వాత ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళి నార్త్ కరోలినాలో ఎం.ఎఫ్.ఏ. చేసి వెనక్కి వచ్చింది. బొమ్మలు అమ్మే గ్యాలరీ అమెరికాలో, స్టూడియో బార్బడోస్‌లో.

గ్లాస్గో_గోపి
అంటే ఇల్లు దీవిలో, మార్కెట్ బయట. మన ఐటీ వాళ్ళ లాగే.

విశాఖ_వాటర్‌కలర్
నేనూ అలాగే కదా, తిరగేసి. మార్కెట్ ఎక్కడో, వానాకాలం మాత్రం ఇక్కడ.

డాక్టర్_వంకాయ
ఆ గులాబీ రంగు చెక్క ఇల్లు గురించి ఒక మాట. దాన్ని చాటెల్ హౌస్ అంటారు. 1838లో బానిసత్వం నుంచి పూర్తి విడుదల వచ్చాక జనానికి స్వేచ్ఛ దొరికింది గానీ నేల దొరకలేదు. తోట యజమాని జాగాలోనే అద్దెకి ఉండాలి, వెళ్ళమంటే వెళ్ళిపోవాలి. అందుకే ఇల్లు విప్పి బండి మీద వేసుకుని పోయేలా కట్టుకున్నారు. పునాది ఉండదు, విడిరాళ్ళ మీద కూర్చుంటుంది. ఇప్పటికీ పాత ఇళ్ళ కిందకి వంగి చూస్తే రాళ్ళ మధ్య నుంచి అవతలి పెరడు కనిపిస్తుంది, కోళ్ళు తిరుగుతుంటాయి. పోస్టుకార్డు బొమ్మల్లో మాత్రం కింద పూలమొక్కలు వేసి ఆ రాళ్ళు కప్పేస్తారు.

రంగు_పిచ్చి
ఇది బాగుంది. ఎవడైనా కోళ్ళతో సహా వేస్తే నేను కొంటా.

మాదాపూర్_ఫ్రేములు
నువ్వు కొనవు. నాలుగేళ్ళుగా చూస్తున్నా.

సిల్లీపాయింట్
సీరియస్‌గా ఒక డౌట్. ఓవల్ బయట క్రికెటర్ సోబర్స్ విగ్రహం టీవీలో చూపిస్తారు కదా, అది ఎవరు చేశారు?

నల్ల_సిరా
కార్ల్ బ్రూడ్‌హాగెన్. పుట్టింది 1909లో గయానాలో, బతికిందంతా బార్బడోస్‌లో. కంబర్‌మియర్ స్కూల్లో దశాబ్దాల పాటు డ్రాయింగ్ మాస్టారు. 2002లో పోయారు. ఆయన అసలు పెద్ద పని సోబర్స్ కాదు, 1985లో పెట్టిన విముక్తి విగ్రహం. 1816లో బానిసల తిరుగుబాటు నడిపిన బుస్సా పేరు మీద జనం దాన్ని బుస్సా అనే పిలుస్తారు. @విశాఖ_వాటర్‌కలర్ గ్యాలరీలు పక్కన పెట్టి ముందు అది చూసి రండి. హైవే మీద రౌండబౌట్‌లో ఉంటుంది.

సిల్లీపాయింట్
కంబర్‌మియర్ అంటే రిహానా చదివిన స్కూలు కదా! డ్రాయింగ్ మాస్టారికి ఇంత చరిత్ర ఉందని ఇప్పుడే తెలిసింది.

విశాఖ_వాటర్‌కలర్
@నల్ల_సిరా వెళ్ళాను. మూడున్నర డాలర్ల టికెట్‌తో వ్యాన్‌లో, చెవులు పగిలే పాటల మధ్య. దిగి ఆ రౌండబౌట్ దాటడం ఒక సాహసం, కార్లు ఆగవు. దగ్గరికెళ్ళాక మాత్రం చాలాసేపు కదల్లేదు. చేతులు రెండూ పైకెత్తి, పిడికిళ్ళు బిగించి ఉన్నాడు, మణికట్ల నుంచి తెగిన గొలుసులు వేలాడుతున్నాయి. నేను గమనించింది మెడ. తల పైకెత్తిన తీరుకి కంఠం దగ్గర నరాలు తేలాయి, అరుస్తున్నాడో ఊపిరి పీలుస్తున్నాడో తెలీదు. చుట్టూ ట్రాఫిక్. ఎవరూ తల తిప్పి చూడరు, కానీ దారి అడిగితే అందరూ "బుస్సా దగ్గర ఎడమకి" అంటారు.

గోదారి_గట్టు
మరి బ్రిడ్జ్‌టౌన్ నడిబొడ్డున బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ విగ్రహం ఉండేదన్నారు?

గ్లాస్గో_గోపి
తీసేశారు. 2020 నవంబరు 16న. లండన్‌లో నెల్సన్ స్తంభం కంటే పాతది అది, 1813 నాటిది. పగలగొట్టలేదు, క్రేన్‌తో దింపి మ్యూజియంకి పంపారు. ఏడాది దాటిన రెండు వారాలకి, 2021 నవంబరు 30న రిపబ్లిక్ అయ్యారు.

రంగు_పిచ్చి
విగ్రహం దింపడానికి క్రేన్ దొరికింది, నేషనల్ గ్యాలరీ కట్టడానికి మాత్రం ఏళ్ళుగా మాటలే. బహామాస్‌కి 2003 నుంచీ ఉంది, జమైకాకి 1974 నుంచీ. ఇక్కడ ప్రభుత్వం కొన్న బొమ్మలన్నీ ఏ ఆఫీసు గోడ మీద చెమ్మ పడుతున్నాయో.

నల్ల_సిరా
దీంట్లో మాత్రం నీతో నూటికి నూరు పాళ్ళు. రెసిడెన్సీలు, ఫామ్‌లు, కాలేజీలు కొత్తది పుట్టిస్తాయి. పాతది దాచేది ఎవరు? అకెమ్ రాంసే, ఇషి బుచర్ లాంటి వాళ్ళు ఎనభైల నుంచీ వేస్తున్నారు. ఇప్పుడు ఇరవై ఏళ్ళ పిల్ల వాళ్ళ అప్పటి బొమ్మ ఒరిజినల్ చూడాలంటే ఎవరింటి డ్రాయింగ్ రూంలోకి వెళ్ళాలో తెలిసి ఉండాలి. అందుకే ప్రతి తరమూ తామే మొదలనుకుంటుంది.

విశాఖ_వాటర్‌కలర్
చెమ్మ మాట వచ్చింది కాబట్టి మాదాపూర్ గారికి ఒక ప్రశ్న. నా కాగితాలకి అప్పుడే గోధుమరంగు మచ్చలు. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే బూజు. ఇక్కడ మంచి కాగితం దొరకదు. తెప్పించుకుంటే షిప్పింగు, ఆపైన సుంకం, పదిహేడున్నర శాతం వ్యాట్. ఉన్నవి కాపాడుకోవాలి.

మాదాపూర్_ఫ్రేములు
మచ్చలు వచ్చినవాటిని మిగతావాటికి దూరంగా పెట్టండి. బొమ్మ అద్దానికి తగలకూడదు, మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ వేసే అట్ట అంచు) ఉండాలి, అదీ యాసిడ్ లేనిది. వెనక మామూలు అట్ట వద్దు, అది చెమ్మ పీలుస్తుంది. గోడకి ఆనించకండి, కింద రెండు మూలలా చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే గాలి ఆడుతుంది. ఫ్రేము మెత్తటి చెక్కదైతే చెదలు పట్టాయేమో నెలకోసారి వెనక్కి తిప్పి చూడండి. ఫ్రేము కట్టనివి బీరువాలో నిలబెట్టకండి. పడుకోబెట్టి, మధ్య మధ్య యాసిడ్ లేని పల్చటి కాగితం వేసి, సిలికా జెల్ సంచులు పెట్టి మూత బిగించండి. సంచులు నెలకోసారి ఎండబెట్టాలి.

డాక్టర్_వంకాయ
తుపాను సీజన్లో ఆ పెట్టె నేల మీద మాత్రం పెట్టొద్దు. జూన్ నుంచి నవంబరు దాకా.

సిల్లీపాయింట్
అవును, కప్పు గెలిచాక బెరిల్ తుపాను వల్ల టీమంతా అక్కడే హోటల్లో ఇరుక్కుపోయింది కదా. మన సిరాజ్ కూడా.

గోదారి_గట్టు
ఖాళీగా కూర్చోక తలా ఒక తాబేలు కొనుక్కోవాల్సింది.

విశాఖ_వాటర్‌కలర్
@మాదాపూర్_ఫ్రేములు థాంక్సండీ. రబ్బరు బిళ్ళలు హార్డ్‌వేర్ షాపులో దొరికాయి. కమ్యూనిటీ కాలేజీకి ఫోన్ చేశాను, షో తేదీ ఇంకా ఖరారు కాలేదట. ఫ్రెష్ మిల్క్ వాళ్ళకి మెయిల్ పెట్టాను.

రంగు_పిచ్చి
షోలో కోళ్ళున్న బొమ్మ కనిపిస్తే ధర కనుక్కోండి. ఏ డాలరో కూడా.